రాడార్ చిత్రాల పనిలోకి అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. శాటిలైట్ రాడార్ చిత్రాల మీద పని చేస్తానంటోంది. చేతికొచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేస్తుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చెప్పమంటారు?

జవాబు: ఆపకండి సార్. ఉద్యోగంలో నా మొదటి ఏళ్లు ఆ పనిలోనే గడిచాయి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పట్లో మా దగ్గరికి వచ్చేది యూరప్ వాళ్లు 1991లో అంతరిక్షంలోకి పంపిన రాడార్ శాటిలైట్ ఈఆర్‌ఎస్-1 డేటా, అదీ టేపుల మీద. ఒక్క చిత్రం తయారుకావడానికి గంటలు పట్టేది. తీరా తెర మీదకు వచ్చాక చూస్తే ఇసుక చల్లినట్టు అంతా చుక్కలే. దీన్ని స్పెకిల్ అంటారు. ఒకే పిక్సెల్‌లో ఉన్న ఎన్నో వస్తువులకు తగిలి తిరిగొచ్చిన రాడార్ రేడియో తరంగాలు కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫిల్టర్ మరీ ఎక్కువగా వేస్తే చుక్కలతోపాటు సన్నటి కాలవగట్టూ పోతుంది. ఎక్కడ ఆపాలో కంటికి అలవాటు కావాలి. ఆ అలవాటు పట్టుబడిన రోజులంటే నాకిప్పటికీ ప్రాణం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాను ఎంత దెబ్బతీసిందో మీకు తెలుసు. అలాంటప్పుడు మబ్బుల వల్ల మామూలు శాటిలైట్ ఫొటోల్లో నేల కనపడదు. రాడార్‌కు మబ్బూ చీకటీ అడ్డు కావు. నిలకడ నీరు తరంగాన్ని అవతలి వైపుకే పంపేస్తుంది కాబట్టి నల్లగా పడుతుంది. గాలికి అలలు లేస్తే అదే నీరు తెల్లబడుతుంది, మునిగిన చెట్లయితే మరీ మెరుస్తాయి. ఈ కారణాలు తెలియకుండా వరద మ్యాప్ గీస్తే మునిగిన ఊరిని మునగలేదంటారు. అందుకే ముందు ఫిజిక్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ గట్టిగా చదవమనండి. మెషిన్ లెర్నింగ్ తర్వాతైనా వస్తుంది.

మొదటి జీతం పెద్ద ఐటీ కంపెనీల కన్నా తక్కువ ఉండొచ్చు, ప్రభుత్వ పోస్టులూ కొద్దిగానే ఉంటాయి. కానీ రోజంతా చేసేది పైథాన్ కోడింగే కాబట్టి సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోదు. 2025 జులైలో ఇస్రో, నాసా కలిసి చేసిన రాడార్ శాటిలైట్ నిసార్ కూడా పైకి వెళ్లింది, చూడాల్సిన డేటా ఇంకా పెరుగుతుంది.

యూరప్ వాళ్ల రాడార్ శాటిలైట్ సెంటినెల్-1 చిత్రాలు, వాటి మీద పనిచేసే స్నాప్ సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితమే. తిత్లీకి ముందూ తర్వాతా కాశీనగర్ దగ్గర వంశధార ఎలా ఉందో ఒక మ్యాప్ చేసి, అక్కడి రైతులకు చూపించి సరిచూసుకోమనండి. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ (భూమి కొలతలు, మ్యాపుల చదువు) పేపర్ ఉంది. అది రాయాలా, ఈసీఈ రాయాలా అన్నది ఆ మ్యాప్ పూర్తయ్యాక అమ్మాయినే తేల్చుకోనివ్వండి.