కావలిలో ఆటల క్లాసు పెడుతున్న మా అబ్బాయికి

నాయనా,

పెద్దమ్మ దీవెనలు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. కార్పొరేట్ స్కూల్లో పీఈటీ ఉద్యోగం చేతిదాకా వస్తే కాదనుకుని, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయంత్రం ఆటల క్లాసు పెడుతున్నావంట. "నువ్వైనా చెప్పక్కా, నీ మాటైతే వింటాడు" అంది. సరేనని ఫోన్ పెట్టేశాను గానీ తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు టీచరుగా చేసినదాన్ని, నిన్ను వద్దని ఎట్లా అంటాను? అనను. నాకు ఎంత సంతోషంగా ఉందో అంత భయంగానూ ఉంది. ఆ భయం ఎందుకో నీకు చెప్పాలి.

ముందు మామూలు సంగతులు. ఎండాకాలంలో సాయంత్రం ఐదున్నర దాటాకే క్లాసు. ఫిట్స్ మందుల్లో కొన్ని చెమట సరిగా పట్టనివ్వవు, వెన్నుపాము దెబ్బతిన్న పిల్లలకూ అంతే. ఒళ్ళు కాలిపోతున్నా పైకి తెలియదు, అందుకని తడి తువ్వాళ్ళు దగ్గర పెట్టుకో. ఇసుక నేల వద్దు, వీల్‌చైర్ దిగబడుతుంది. మూఢంలో కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి, అడిగి చూడు, గచ్చు బాగుంటుంది. కాకపోతే తడి లేకుండా తుడిపించు. బాత్రూం గుమ్మం దగ్గర మెట్టు ఉందేమో చూసుకో. ఆడపిల్లలు వస్తే తోడుగా ఒక ఆడమనిషిని పెట్టుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు చెప్పబోయేది ఇప్పటిదాకా మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1991లో ఒక స్కూల్లో ఆరో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. పరుగులో ఎప్పుడూ చివర. ఉన్నట్టుండి పడిపోయేవాడు. పొట్ట ముందుకు పెట్టి, మునివేళ్ళ మీద, అటూ ఇటూ ఊగుతూ నడిచేవాడు. పిల్లలు బాతు అని పిలిచేవాళ్ళు. నేను చూసింది మాత్రం వాడి పిక్కలు. దుక్కి దున్నేవాడి పిక్కల్లా లావుగా, గట్టిగా ఉండేవి. ఇంత బలమున్న కాళ్ళు పెట్టుకుని పరిగెత్తడా, ఒళ్ళు బద్ధకం అనుకున్నాను. ఒకరోజు క్లాసు ముందర నిలబెట్టి ఇరవై గుంజీలు తియ్యమన్నాను.

నాలుగు తీశాడు. ఐదోదానికి కూలబడ్డాడు. లెయ్యి అన్నాను. వాడు ముందుకు వంగి రెండు చేతులూ నేలకు ఆనించాడు. నడుము పైకి లేపాడు. ఒక చెయ్యి మోకాలి మీద పెట్టాడు, ఇంకో చెయ్యి తొడ మీద. మళ్ళీ కొంచెం పైకి, మళ్ళీ పైకి. తాటిచెట్టు ఎక్కేవాడు చెట్టును పట్టుకున్నట్టు తన కాళ్ళనే పట్టుకుని పైకి ఎక్కుతున్నాడు. పిల్లలు నవ్వారు. నాటకాలాడుతున్నాడని నాకు ఇంకా కోపం వచ్చింది. "ఇంకో పది" అన్నాను. తీశాడు నాయనా. ఎట్లా తీశాడో నాకు తెలియదు, పెదవి కొరుక్కుంటూ తీశాడు.

మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ మర్నాడు వాళ్ళమ్మ వాడిని వీపు మీద మోసుకుని వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. "నిన్నంతా మంచం మీంచి లేవలేదు టీచరమ్మా, కాళ్ళు ముట్టుకోనియ్యలేదు. ఏమన్నా దెబ్బ తగిలిందా బళ్ళో?" అని అడిగింది. ఏం చెప్పను? లేదన్నాను.

ఆ ఎండాకాలం సెలవుల్లో వాడిని రాయవేలూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయారు. డుషెన్ అని కండరాల జబ్బు. కండ కరిగిపోతూ దాని చోట కొవ్వూ పీచూ చేరతాయి, పిక్కలు లావుగా కనపడేది అందుకే. అలా చేతులతో తొడలు ఎక్కి లేవడమే ఆ జబ్బు గుర్తంట, డాక్టర్లు అది చూసే అనుమానిస్తారంట. ఆ కండలకు గుంజీల్లాంటి శ్రమ మేలు చెయ్యదు, ఉన్న కండను ఇంకా దెబ్బతీస్తుంది. వాడు నా కళ్ళ ముందే జబ్బు గుర్తు చూపిస్తుంటే నేను ఇంకో పది తియ్యమన్నాను.

అక్కడితో అయిపోలేదు. భయపడిపోయి ఇంకో తప్పు చేశాను. ఏడాది పొడుగునా డ్రిల్లు పీరియడ్లో వాడిని వేపచెట్టు కింద కూర్చోబెట్టి స్కోరు రాయించాను. జాగ్రత్తగా చూసుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఒకరోజు వాలీబాల్ దొర్లుకుంటూ వాడి కాళ్ళ దగ్గరికి వచ్చింది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్లలు అడుగుతున్నా ఇవ్వలేదు. రెండు చేతులతో దాన్ని తడిమాడు, వాసన చూశాడు. "టీచర్, కాసేపు ఉంచుకోనా?" అన్నాడు. ఏడాదిలో వాడి చేతికి బంతి రావడం అదే మొదలు.

మర్నాడు వడ్రంగిని అడిగి ఒక పలక తెచ్చి కుర్చీకి వాలుగా పెట్టాను. కుర్చీలో కూర్చుని వాడు పలక మీంచి బంతి దొర్లించేవాడు, మిగతావాళ్ళు బ్యాటుతో కొట్టేవాళ్ళు. ఎంత మందిని అవుట్ చేశాడనుకున్నావు! ఎనిమిదో తరగతిలో వాళ్ళమ్మ మోయలేక మాన్పించింది. పదిహేడో ఏట పోయాడు.

2021లో టోక్యో పారాలింపిక్స్ ఫోన్లో చూస్తుంటే బోచా అని ఒక ఆట వచ్చింది. ఒక తెల్లబంతి, ఒకరికి ఆరు ఎర్రవి, ఇంకొకరికి ఆరు నీలంవి. తెల్లబంతికి ఎవరు దగ్గరగా వేస్తే వాళ్ళకు పాయింటు. చేత్తో విసరలేనివాళ్ళు వాలుపలక మీంచి దొర్లిస్తారు. పలక జరపడానికి ఒక మనిషి ఉంటుంది గానీ, ఆ మనిషి ఆట వైపు వీపు పెట్టి కూర్చోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఆడేవాళ్ళు ఎటు అంటే అటు జరపడమే దాని పని. ఆ రూలు చూసి చాలాసేపు ఏడ్చాను. నీ క్లాసులో మొదటి ఆట అదే పెట్టు. సాక్సుల్లో బియ్యం పోసి కుట్టేస్తే బంతులు అవుతాయి, పీవీసీ పైపు నిలువునా కోస్తే వాలుపలక అవుతుంది. వీపు తిప్పుకుని కూర్చునే పని నువ్వే చెయ్యి.

ఆ పిల్లాడి విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదు. అందుకే చెప్తున్నా, మొదటి రోజు ఏ ఆటా ఆడించొద్దు. పిల్లాడు నేల మీంచి ఎట్లా లేస్తాడో చూడు, వాళ్ళమ్మతో కూర్చుని మాట్లాడు. వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్లో ఎంత శాతమో ఉంటుంది, పిల్లాడు ఏం చెయ్యగలడో ఉండదు. ఆస్పత్రి కాగితాలు అడుగు. అర్థం కాకపోతే ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టును అడుగు, నెల్లూరులో సీఆర్‌సీ అని వికలాంగులకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, బస్సెక్కి వెళ్ళు. ఆ రోజుల్లో నాకు అడగడానికి చోటు లేదు, చట్టం కూడా లేదు. 1995లో వచ్చిన చట్టంలో ఏడు రకాల వైకల్యాలే రాశారు. 2016 చట్టంలో ఇరవై ఒకటి ఉన్నాయి, వాటిలో మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే ఆ పిల్లాడికి వచ్చినలాంటి కండరాల జబ్బు, పేరుతో సహా ఉంది. ఇవాళ తెలియలేదంటే ఒప్పుకోను. ఆ తప్పు నువ్వు చేస్తే చెవి మెలిపెడతాను, ఎంత పెద్దవాడివైనా సరే.

డౌన్ సిండ్రోమ్ పిల్లలతో పిల్లిమొగ్గలు వేయించొద్దు. కొందరికి మెడ పైభాగంలో ఎముకల పట్టు వదులుగా ఉంటుంది, డాక్టరు చూసి సరేనన్నాకే హైజంపైనా, డైవింగైనా. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు, తల కింద ఏదైనా మెత్తటిది పెట్టు, గడియారం చూడు. నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళంచెవులు తెచ్చేవాళ్ళను దూరంగా పంపించు. ఐదు నిమిషాలు దాటితే 108.

విజిల్ ఇంట్లో పెట్టేసి వెళ్ళు. నాకు విజిల్ అంటే ప్రాణం, అయినా చెప్తున్నా. సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒళ్ళు స్వాధీనంలో లేని పిల్లలు ఆ శబ్దానికి ఉలిక్కిపడితే ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరు చెవులు మూసుకుని మూలకు పోతారు. చెవుడున్న పిల్లలకు అది వినపడనే వినపడదు. ఎర్ర చేతిరుమాలు ఊపు చాలు. చూపు లేని పిల్లలకు బంతిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇవ్వు, ఆ చప్పుడును బట్టి పట్టుకుంటారు.

పాంప్లెట్ మీద జీవాంజి దీప్తి ఫోటో వేయించావంట. మంచి పని. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చిన మన తెలుగు పిల్ల. ఆ ఫోటో ఉండనీ. కానీ పక్కన, ఒళ్ళో బంతి పెట్టుకుని కూర్చున్న పిల్లాడి బొమ్మ కూడా ఒకటి వెయ్యి. పతకం అక్కర్లేని పిల్లల అమ్మలు కూడా నీ దగ్గరికి రావాలి.

మీ అమ్మకు రేపు నేనే ఫోన్ చేస్తాను. మొదటి ఆరు నెలలు ఇంటి అద్దెకు నా పెన్షన్లోంచి పంపిస్తాను, వద్దనకు.

ఆఖరుగా ఒకటి. క్లాసు అయిన మర్నాడు పొద్దున ప్రతి ఇంటికీ ఫోన్ చెయ్యి. "ఎట్లా లేచాడమ్మా, కాళ్ళు నొప్పులేమైనా అన్నాడా?" అని అడుగు. నొప్పి అన్నాడంటే నువ్వు చేయించింది ఎక్కువైంది, తగ్గించు. పదిమంది అయినా సరే, ఇరవైమంది అయినా సరే, మానొద్దు. అందరి ఇళ్ళకూ అయ్యాక నాకూ ఒకసారి చెయ్యి నాయనా. ఆరు గంటలకల్లా లేచే ఉంటాను.

నీ పెద్దమ్మ