కరెంటు స్తంభానికి విలువ కట్టే అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం అందింది. కాలిఫోర్నియాలో కరెంటు, గ్యాస్, టెలిఫోన్, రైల్వే కంపెనీల ఆస్తులకు పన్ను కోసం రాష్ట్రం తరఫున మన బోర్డు విలువ ఎలా కడుతుందో వివరంగానే రాశావు. తప్పులేమీ కనిపించలేదు. కానీ చదువుతున్నంతసేపూ నువ్వు కూడా కనిపించలేదు. పెట్టిన ఖర్చు చూసి, వచ్చే ఆదాయం చూసి, షేర్లూ అప్పుల మార్కెట్ ధర చూసి విలువ కట్టే మూడు పద్ధతులున్నాయన్నావు, మూడు అంకెలు వచ్చాయన్నావు, చివరికి ఒకటి ఖరారైందన్నావు. ఎవరు ఖరారు చేశారు? అటే ఎందుకు మొగ్గారు? ఈ పనిలో రాయదగ్గదంతా ఆ మొగ్గులోనే ఉంది. నేను ఉద్యోగంలో రాసిన రిపోర్టుల్లోనూ, తెలుగులో రాసిన వ్యాసాల్లోనూ నాకు ఎక్కువ కష్టమైంది, ఎక్కువ ఇష్టమైంది ఆ పేరాయే.

మన పాఠకుడికి మొదట వచ్చే అనుమానం తీర్చు. కరెంటు స్తంభానికి ఆస్తి పన్నేమిటి అంటాడు. మన దగ్గర రైల్వే కేంద్రానిది, రాజ్యాంగం 285వ అధికరణం దాన్ని రాష్ట్ర పన్నుల నుంచి కాపాడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో డిస్కంలు ప్రభుత్వానివి. అమెరికాలో సరుకు రైళ్ళ కంపెనీలు, పెద్ద కరెంటు కంపెనీల్లో చాలావరకు ప్రైవేటువి. వాటి షేర్లు మార్కెట్లో అమ్ముడవుతాయి. ఇంటివాడు ఇంటికి కట్టినట్టే అవీ తమ ఆస్తికి పన్ను కట్టాలి. ఇంతవరకు రెండు వాక్యాల్లో చెప్పెయ్. మొదటి పేజీ అంతా దీనికే పెట్టావు, అక్కర్లేదు.

ఆగి చెప్పాల్సింది ఆ తర్వాతది. ఒక లైను పది కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మీదుగా పోతుంటే ఏ కౌంటీకి ఆ కౌంటీ తన ముక్కకు విలువ కడితే ఏమవుతుంది? 1897లో ఒహాయో రాష్ట్రానికీ ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ కంపెనీకీ మధ్య నడిచిన కేసు చదువు. ఆడమ్స్‌తో పాటు కోర్టుకెక్కినవన్నీ పార్శిళ్ళు చేరవేసే కంపెనీలు. మా దగ్గర నాలుగు గుర్రాలు, బళ్ళు, ఇనప్పెట్టెలు తప్ప ఏముంది, వాటికే పన్ను వెయ్యండి అన్నాయి. అమెరికా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఫుల్లర్ తీర్పులో సూటిగా అడిగాడు: గుర్రం గుర్రమే, బండి బండే, ఒప్పుకుంటాం, కానీ 23,430 డాలర్ల గుర్రాలూ బళ్ళూ ఇనప్పెట్టెలూ ఒక్క ఏడాదిలో 2,75,446 డాలర్లు ఎలా తెచ్చాయి? అవన్నీ ఒకే వ్యవస్థలో కలిసి పనిచేయడం వల్లే ఆ విలువ వచ్చిందని సుప్రీం కోర్టు తేల్చింది. కంపెనీ మొత్తాన్ని ఒకే యూనిట్‌గా చూసి, తర్వాత రాష్ట్రాలకూ కౌంటీలకూ పంచడమన్న పద్ధతి వెనక ఉన్న ఆలోచన ఇదే. నీ వ్యాసంలో ఇది ఒక్క ముక్కలో తేలిపోయింది. ఆ గుర్రాలను, బళ్ళను పాఠకుడి కళ్ళముందుకు తీసుకురా.

ఇంకోటి. "పంపిణీ ఆస్తులు" అని రాసి ఊరుకోకు. కరెంటు కంపెనీలు కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థకు (ఫెర్క్) ఏటా ఇచ్చే ఫారం 1 తెరిచి 364వ ఖాతా చూపించు. పంపిణీ స్తంభాలన్నీ అక్కడే ఉంటాయి. ఏడాది మొదట్లో ఎంత, కొత్తగా ఎంత చేరింది, ఎంత తీసేశారు, చివర్లో ఎంత అని వరసలుంటాయి. 365లో తీగలు, 368లో ట్రాన్స్‌ఫార్మర్లు, 370లో మీటర్లు. ఏ స్తంభం ఎన్నేళ్ళు బతుకుతుందో విడివిడిగా ఎవరూ లెక్కపెట్టరు. మనుషుల ఆయుర్దాయానికి జీవిత బీమావాళ్ళు పట్టికలు వేసుకున్నట్టే, స్తంభాలకూ పైపులకూ అయోవా స్టేట్ కాలేజీలో 1930లలో రాబ్లీ విన్‌ఫ్రే, ఎన్నేళ్ళకు ఎన్ని మిగులుతాయో చూపే వంపుగీతలు గీశాడు. తరుగుదల లెక్కల్లో ఇప్పటికీ అవే వాడుతున్నాం. కొన్ని స్తంభాలు తొందరగా పోతాయి, కొన్ని లెక్క దాటి నిలబడతాయి. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. నువ్వు దీన్ని వదిలేయడం నాకు బాధ కలిగించింది.

ఇక అసలు విషయం, మొగ్గు. కరెంటు కంపెనీ తన ఇష్టమొచ్చిన లాభం తీసుకోలేదు. కరెంటు రేట్లు నిర్ణయించే కమిషన్ అనుమతించిన శాతమే, అదీ పుస్తకాల్లో తరుగుదల పోగా మిగిలిన పెట్టుబడి మీదే తీసుకోవాలి. పాఠకుడికి ఒక చిన్న లెక్క చూపించు. అలాంటి పెట్టుబడి 100 కోట్ల డాలర్లు, అనుమతించిన రాబడి 7 శాతం అనుకో. ఏడాదికి 7 కోట్లు. మదుపర్లు అలాంటి కంపెనీ నుంచి 7 శాతమే ఆశిస్తుంటే విలువ 100 కోట్లే. 8 శాతం కావాలంటుంటే 87.5 కోట్లు. ఆ పన్నెండున్నర కోట్ల తేడా ఏ స్తంభంలోనూ కనిపించదు. ఏ తీగా తెగలేదు, ఏ ట్రాన్స్‌ఫార్మరూ కాలలేదు, అయినా విలువ తగ్గింది. కంపెనీ లాయర్లకూ మనకూ ఏటా గొడవ వచ్చేది ఇక్కడే. వాళ్ళు 8 అంటారు, మనం 7 అంటాం. ఎందుకన్నామో రాయాలి.

నీ మూడో పేజీలో మూడు పద్ధతుల అంకెలనూ కలిపి సగటు తీసినట్టు ధ్వనించింది. సగటు తీయడమంటే ఆలోచించడం మానేయడమే. రిపోర్టులో అలా రాయకు, వ్యాసంలోనూ రాయకు.

దీనికి 2019 జనవరి 1ని మించిన ఉదాహరణ నాకు కనబడదు. అంతకుముందు నవంబరు 8న బ్యూట్ కౌంటీలో కారిబూ-పలెర్మో లైను టవరు మీద అరిగిపోయిన ఇనుప కొక్కెం ఒకటి తెగి, తీగ జారి నిప్పు అంటుకుంది. పీజీ అండ్ ఈ అనే కాలిఫోర్నియా కరెంటు కంపెనీ లైను అది, దాదాపు వందేళ్ళ నాటిది. ఆ నిప్పు ప్యారడైజ్ ఊరిని బూడిద చేసింది, 85 మంది చనిపోయారు. కంపెనీ షేరు రెండు నెలల్లోపే సగానికి పడిపోయింది. జనవరి 29న దివాలా పిటిషన్ వేసింది. కాలిఫోర్నియాలో విలువ కట్టాల్సిన తేదీ జనవరి 1. ఆ రోజున నువ్వు కుర్చీలో ఉన్నావనుకో. పుస్తకాల్లో పెట్టుబడి చెక్కుచెదరలేదు. షేర్లనూ అప్పులనూ కలిపి చూసే పద్ధతి మాత్రం కుప్పకూలిన విలువ చూపిస్తోంది. అజాగ్రత్త రుజువు కాకపోయినా కంపెనీ పరికరాల వల్ల మంటలు వస్తే నష్టం కంపెనీయే కట్టాలన్నది ఆ రాష్ట్రపు న్యాయసూత్రం. ఆ భారం వినియోగదారుల బిల్లుల్లోకి వెళ్తుందో లేదో ఆ రోజుకు తెలియదు. దివాలా పిటిషన్ ఇంకా నాలుగు వారాల దూరంలో ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటావా? షేరు ధర పడింది స్తంభాల విలువ పడిందనా, కంపెనీ మెడకు చుట్టుకున్న బాకీల వల్లా? నీ జవాబు రాయి. తప్పో ఒప్పో తర్వాత తేలుతుంది. ఫలానా కారణం వల్ల ఇటు మొగ్గాను అని చెప్పే ధైర్యం కావాలి.

చదివేవాళ్ళు రెండు వైపులా ఉన్నారని గుర్తుపెట్టుకో. ఒక పక్క కంపెనీ పన్నుల మేనేజర్. ఇంకో పక్క ఆ డబ్బు మీద ఆధారపడ్డ కౌంటీ, ఫైర్ డిస్ట్రిక్ట్, స్కూలు. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు నేరుగా ఆమోదించిన ప్రొపొజిషన్ 13 అనే సవరణ వల్ల మామూలు ఇంటి పన్ను విలువ, ఇల్లు చేతులు మారనంత కాలం, ఏటా 2 శాతానికి మించి పెరగదు. బోర్డు విలువ కట్టే ఈ కంపెనీలకు ఆ రక్షణ లేదు, ఏటా మార్కెట్ విలువే. అందుకే మన కలం జారితే ఎటో ఒకవైపు అన్యాయం జరుగుతుంది. ఈ సంగతి నీ గుండెల్లో ఉందని నీతో మాట్లాడినప్పుడు తెలుస్తుంది, కాగితం మీద తెలియడం లేదు.

ఒక జాగ్రత్త. కంపెనీలు మనకు రహస్యంగా ఇచ్చే కాగితాల్లోంచి ఒక్క అంకె కూడా వ్యాసంలోకి రాకూడదు. ఫారం 1, కమిషన్ ఉత్తర్వులు, వాటాదారులకిచ్చే వార్షిక నివేదిక, కోర్టు తీర్పులు అందరికీ దొరికేవే. వ్యాసానికి అవి చాలు.

మే చివర్లో బోర్డు విలువలు ఖరారు చేసేదాకా నీకు టెన్షన్ తప్పదు. జూన్‌లో కూర్చో. 2019 గురించిన పేరా ముందు రాసి అదొక్కటే నాకు పంపు. మిగతాది దాన్ని చదివాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ బాబాయ్