నవల ఏ వయసుకు, ఎంత సేపటికి? – ఒక యువ రచయిత్రికి లేఖ

కడప

అమ్మాయికి ఆశీస్సులు.

నీ రాతప్రతి, దానితోపాటు రాసిన ఉత్తరం అందాయి. నవలను ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే అది పట్టభద్రులకు కూడా కష్టమని తేలిందనీ, అందుకని మొదటి ప్రకరణాలలో వాక్యాలను తెంచి పొట్టివి చేశాననీ రాశావు. పదమూడేళ్లు దాటిన పిల్లల కోసం రాసిన పుస్తకం కనుక నీ బెంగ సహజమే. అయితే ఆ లెక్క ఎక్కడ పుట్టిందో తెలిసి ఉంటే నీవు కత్తెర పట్టేదానివి కావు.

1948లో అమెరికాలో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే భాషా పరిశోధకుడు ఇంగ్లీషు వచనాన్ని దృష్టిలో పెట్టుకొని ఒక సూత్రం కట్టాడు. వాక్యానికి సగటున ఎన్ని మాటలున్నాయో దానిని 1.015తోనూ, మాటకు సగటున ఎన్ని అక్షరాలు పలుకుతాయో దానిని 84.6తోనూ హెచ్చవేసి, ఆ రెండింటినీ 206.835 నుంచి తీసివేయాలి. వందకు దగ్గరగా వస్తే తేలిక, 30 కంటే దిగితే బాగా కష్టం. 1975లో అమెరికా నౌకాదళం కోసం దీనినే తరగతుల లెక్కలోకి మార్చారు. ఇప్పుడు “రాముడు బడికి వెళ్ళాడు” అన్న వాక్యాన్ని అందులో వేసి చూడు. మూడు మాటలు, మాటకు మూడేసి అక్షరాలు. వచ్చేది సున్నాకు 50 తక్కువ! ఒకటో తరగతి పిల్లవాడు కూడబలుక్కొని చదివే వాక్యం ఆ లెక్క ప్రకారం పండితులకు కూడా కొరుకుడు పడదు. విభక్తి, కాలం, కర్త అన్నీ మాటకే అతుక్కొని ఉండే భాష మనది. “చెప్పలేకపోయినందుకు” అన్న ఒక్క మాటలో తొమ్మిది అక్షరాలున్నా దానిని చూసి మన పిల్లలెవరూ బెదరరు.

మన వాక్యంలో కష్టం వేరే చోట ఉంటుంది. నీ మొదటి ప్రతిలో ఈ వాక్యం ఉంది: “అమ్మ పొయ్యి ఊది, సంగటి గెలికి, నాయనకు ముద్ద పెట్టి, ఆ తర్వాతే నా వైపు చూసింది.” పనులు జరిగిన వరుసలోనే మాటలు వస్తున్నాయి కనుక, ఇలాంటి వాక్యం ఎంత సాగినా చదివేవాడు తప్పిపోడు. దానిని నాలుగు ముక్కలు చేసినందువల్ల తేలికైనది ఏమీ లేదు. కథ చెప్పే ఆ పిల్ల ఎదురుచూపు మాత్రం పోయింది. అదే నీవు ముట్టుకోకుండా వదిలేసిన ఇంకొక వాక్యం చూడు: “మామ సంతలో అమ్మిన ఎద్దును కొన్న మనిషి కొడుకు చదివే బడి అది.” ఇది పొట్టిదే, ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు, కానీ ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో, ఎవరు చదువుతున్నారో అన్నీ మనసులో మోసుకుంటూ పోతే తప్ప అసలు సంగతి బడి అని తెలియదు. తెంచవలసింది దీనిని.

యాస గురించి కూడా అడిగావు. వేరుశెనగను “చెనిక్కాయలు” అని రాస్తే మన జిల్లా పిల్లలు ఆగరు. పోతున్నాడు అనడానికి బదులు “పోతాండాడు” అంటే మాత్రం అక్కడ ఒక్క క్షణం ఆగుతారు, ఎందుకంటే చెవికి రోజూ తగిలే ఆ మాటను వాళ్ల కన్ను అచ్చులో ఎప్పుడూ చూసి ఉండదు. అంతమాత్రాన దానిని తీసేయవద్దు. ఒకే వర్ణక్రమం పెట్టుకొని పుస్తకమంతా దానినే పాటించు. ఒక పేజీలో పోతాండాడు, మరో పేజీలో పోతావుండాడు అని ఉంటేనే చిక్కు.

ఇక చదివే సమయం. నిమిషానికి 250 మాటల చొప్పున నీ అరవై వేల మాటల నవలకు నాలుగు గంటలని తేల్చావు. ఆ వేగం ఇంగ్లీషు చదివే పెద్దలది. 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అంతకు ముందరి పరిశోధనలెన్నింటినో కలిపి చూసి, కథాసాహిత్యాన్ని మౌనంగా చదివే వేగం నిమిషానికి సుమారు 260 మాటలని చెప్పాడు. ఇంగ్లీషు నాలుగైదు మాటలలో చెప్పేది ఒక్కోసారి మన ఒక్క మాటలో ఇమిడిపోతుంది కాబట్టి మన అరవై వేలు వాళ్ల అరవై వేలు కావు. పైగా ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగును ఒక్క పాఠ్యాంశంగానే చూసిన పిల్లలు ఒత్తుల దగ్గర నెమ్మదిస్తారు. నాలుగు గంటలన్నది ఎటు చూసినా నిలబడదు.

నీ వీధిలోనే తొమ్మిదో తరగతి చదివే పిల్లలు ఉంటారు. తలా ఒక ప్రకరణం ఇచ్చి, వాళ్ల ఇంట్లోనే చదువుకోమని చెప్పి, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ మూలన రాయించు. తర్వాత ఒక్క పేజీ నీ ముందు పైకి చదివించి, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టు. పొడుగు మాట దగ్గర తడబడితే పట్టించుకోకు. వాక్యం చివరికి వెళ్లి వెనక్కి వచ్చిన చోటే నీకు పని ఉంది. ఎవరైనా మధ్యలో పుస్తకం మూసేస్తే కారణం అడగకు, మొహమాటానికి బాగుందనే అంటారు. ఏ పేజీలో మూశారో చూసుకో చాలు.

ప్రకాశకులు వెనక అట్ట మీద వయసు, సమయం రెండూ కావాలంటున్నారని రాశావు. వయసు 13 నుంచి అని ఇవ్వు. అది వాక్యాల వల్ల కాదు, ఏడో ప్రకరణంలో ఆ పిల్ల తండ్రి చేసుకున్న అప్పు, దాని పర్యవసానం ఉన్నందువల్ల. సమయం వేయవద్దని చెప్పు. తప్పదంటే పిల్లలు రాసి ఇచ్చిన వేళలను కలిపి చూసి, వాళ్లలో అందరికంటే నెమ్మదిగా చదివినవారి లెక్క ఇవ్వు. తెంచిన ప్రకరణాల పాత ప్రతి నీ దగ్గరే ఉంటే ఈ వారంలోనే పంపు.

ఆశీస్సులతో.