ఫెర్రెట్‌కి క్యారెట్ అన్నమా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి రెండు ఫెర్రెట్లు (ముంగిసలా పొడుగ్గా ఉండే పెంపుడు జంతువులు) తెచ్చుకున్నాడు. డబ్బా తిండి ఎందుకని చికెన్, అన్నం, క్యారెట్ మెత్తగా ఉడికించి పెడుతున్నాను. బాగానే తింటున్నాయి కానీ దొడ్డికెళ్తే క్యారెట్ ముక్కలు అలాగే పడుతున్నాయి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ముక్కలే మీకు జవాబు చెప్పేశాయమ్మా. ఫెర్రెట్ పక్కా మాంసాహారి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది, పీచు అరిగే వీలే లేదు. అన్నం, క్యారెట్, పళ్లు, పాలు ఆపేయండి.

మా ఆడ ఫెర్రెట్‌కి నేను చేసేది చెబుతాను. చర్మంతో ఉన్న కోడి తొడ మాంసం, గుప్పెడు గుండెకాయలు, వేలి గోరంత లివర్ కొద్ది నీళ్లలో ఉడికించి, మెత్తగా రుబ్బుతాను. గుండెకాయల్లో టారిన్ అనే పోషకం ఉంటుంది, అది ఫెర్రెట్ గుండెకు, కళ్లకు తప్పనిసరి. ఉడికితే కొంత నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకండి, అందులోనే కలపండి. ఉడికించిన ఎముకలు మాత్రం వద్దు, పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దు. మన చేయి ఊరుకోదు, తెలుసు! కానీ ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఎముకల్లేని మాంసంలో కాల్షియం చాలదు. అందుకే ఇది వారానికి రెండుసార్లే. మిగతా రోజులు ఫెర్రెట్ల కోసం చేసిన డబ్బా తిండే పెట్టండి. రోజూ ఇంటి వంటే పెట్టాలంటే పాళ్లు వెట్ డాక్టర్‌తో రాయించుకోండి. కొత్త వాసనకు ముఖం తిప్పుకుంటే పస్తు పెట్టకండి, పాత తిండిలో చెంచాడు కలిపి అలవాటు చేయండి.