ఏడ్చేదాకా ఆగకు

చిట్టీ,

బాబుకు టాన్సిల్స్ తీసే తేదీ ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. ఆపరేషన్ సంగతి సర్జన్ చూసుకుంటారు. ఇంటికి తెచ్చుకున్నాక ఆ పది రోజులూ గడపాల్సింది నువ్వు. అందుకే ఈ ఉత్తరం.

పిల్లల వార్డులో నర్సుగా చేరిన కొత్తలో ఆపరేషనైన ఒక పాప గోడవైపు తిరిగి కిమ్మనకుండా పడుకుంటే, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. మా పెద్ద సిస్టర్ వచ్చి దుప్పటి తొలగించింది. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఉన్నాయి, పిడికిళ్లు బిగుసుకున్నాయి. కదిలితే నొప్పి అని పాప కదలడం మానేసింది. ఆ రోజు నుంచి నేను పిల్లల ఏడుపును కాదు, ముఖం, కాళ్లు, ఆటా చూస్తున్నాను. ఎత్తుకుంటే ఊరుకుంటున్నారా లేదా అన్నదీ చూస్తాను.

మందు విషయంలో నా పట్టుదల ఒకటే. మొదటి రెండు మూడు రోజులు గడియారం చూసి ఇవ్వు, బాబు అడిగాక కాదు. నొప్పి ముదిరాక వేసిన మందు దాన్ని అందుకోలేక ఆయాసపడుతుంది. పారాసెటమాల్ మామూలుగా కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకొకసారి ఇస్తారు. ఇబుప్రోఫెన్ అయితే కిలోకు 10. దానికి మాత్రం సర్జన్ సరేననాలి, ఒంట్లో నీరు తగ్గకుండా ఉండాలి. రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిపి వాడినా తప్పులేదు.

సీసా మీది అంకె చదవడం మరవకు. 16 కిలోల పిల్లవాడికి పారాసెటమాల్ 240 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లలో 120 ఉన్న సిరప్ అయితే 10 మిల్లీలీటర్లు పడుతుంది. అదే 250 ఉన్నదైతే 5 కన్నా కాస్త తక్కువ. సీసా మారిందని గమనించక పాత కొలతే పోస్తే మోతాదు రెట్టింపు దాటుతుంది! చెంచాలు పక్కన పెట్టి సిరంజితో కొలువు. ఇచ్చిన వేళ కాగితం మీద రాసి గోడకు అంటించు, లేకపోతే నువ్వు ఇవ్వలేదనుకుని వాళ్ల నాన్న మళ్లీ ఇస్తాడు. జలుబు సిరప్పుల్లో కూడా పారాసెటమాల్ దాగి ఉంటుంది, వాటి జోలికి పోకు. ఆస్పిరిన్ అసలే వద్దు.

కోడీన్ అని ఇంకో నొప్పి మందు ఉంది, ఎవరైనా అది గట్టి మందు అంటే నమ్మకు. కాలేయం దాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరు పిల్లల్లో అది మరీ వేగంగా జరిగి ఊపిరి మందగిస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో టాన్సిల్స్ తీసిన పిల్లలకు దాన్ని వద్దంది, 2017లో పన్నెండేళ్లలోపు వాళ్లందరికీ వద్దంది.

మూడో రోజో నాలుగో రోజో నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినట్టు కనిపిస్తుంది, చెవి పట్టుకుని ఏడుస్తాడు. చెవికేమీ కాలేదు, గొంతు నొప్పే అక్కడ తెలుస్తుంది. మందు వేసిన అరగంటకు నీళ్లు తాగించు, అప్పుడు మింగుడు పడుతుంది.

వారం దాటాక కూడా గొంతు నుంచి రక్తం రావచ్చు. ఎర్రటి రక్తం ఉమ్మినా, నీళ్లు ముట్టక మూత్రం తగ్గినా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా నాకు ఫోను చేస్తూ కూర్చోకు. బాబును ఎత్తుకుని నేరుగా ఆసుపత్రికి బయలుదేరు. నాకు అక్కడి నుంచి చెప్పు.

మీ పెద్దమ్మ