కోచ్ కాబోతున్న మా వాడికి

నాన్నా,

నువ్వు బాక్సింగ్ పోటీలు మానేసి కోచింగ్‌లోకి దిగుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత పొంగిపోయానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు ఛాంపియన్‌వి. నా భయమంతా దాని గురించే.

చిన్న సంగతులు నీకు తెలిసినవే. చేతికట్లు నువ్వే కట్టు. స్పారింగ్‌కి, అంటే సాధనలో ఒకరితో ఒకరు తలపడేటప్పుడు, 16 ఔన్సుల గ్లవ్స్. హెడ్‌గార్డ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు, అది చర్మం చిట్లకుండా కాస్తుంది గానీ లోపల మెదడు అదరకుండా ఆపలేదు. బరువు తగ్గాలని పిల్లల చేత నీళ్లు మాన్పించావని తెలిస్తే వచ్చి చెవి మెలేస్తా.

అసలు చెప్పాల్సింది జో ఫ్రేజియర్ సంగతి. 1964 ఒలింపిక్స్ స్వర్ణం, హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్, 1971లో ముహమ్మద్ అలీకి ప్రొఫెషనల్‌గా మొదటి ఓటమి రుచి చూపించినవాడు. 1975లో మనీలాలో అలీతో మూడోసారి తలపడ్డాడు. 14 రౌండ్లు అయ్యేసరికి కళ్లు మూసుకుపోయి, వచ్చే దెబ్బ కనపడటం లేదు. ఇంకొక్క రౌండే కదా, ఆడతానని మొండికేశాడు. కోచ్ ఎడ్డీ ఫచ్ వినలేదు, పోటీ ఆపించేశాడు.

అలాంటి కోచ్ కాపాడిన మనిషి, తాను కోచ్ అయ్యాక ఏం చేశాడో చూడు. కొడుకు మార్విస్‌కి తానే శిక్షణ ఇచ్చాడు, పోటీలూ తానే కుదిర్చాడు. కుర్రాడిది నిలబడి దూరం చూసుకుని ఆడే ఆట. తండ్రి దాన్ని మార్చి, తనలాగే తల ఊపుకుంటూ మీదికి దూకడం నేర్పాడు. ప్రొఫెషనల్‌గా 10 పోటీలు ఆడాడో లేదో, 1983లో తీసుకెళ్లి అప్పటి ప్రపంచ ఛాంపియన్ లారీ హోమ్స్ ముందు నిలబెట్టాడు. మొదటి రౌండ్ కూడా పూర్తి కాలేదు. తాళ్లకి ఆనుకుపోయిన ఆ కుర్రాణ్ణి కొడుతూనే, ఇక ఆపమని రిఫరీకి సైగ చేసింది హోమ్సే! 1986లో మైక్ టైసన్‌తో పోటీకి ఒప్పుకున్నారు. అది 30 సెకన్లలో అయిపోయింది. మార్విస్ ఆడిన 21 పోటీల్లో ఓడినవి ఈ రెండే.

కొడుకు మీద ప్రేమ లేక కాదురా. తన గుండె ధైర్యం కొడుక్కీ ఉందనుకున్నాడు. ఉంది కూడా. దెబ్బ కాచుకునే ఒళ్లు మాత్రం ఎవరిది వాళ్లదే.

నీ ఫైనల్ గుర్తుందా? కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారుతుంటే రింగ్‌లోకి విసిరి పోటీ ఆపించేద్దామని నేను తువ్వాలు చేతిలోకి తీసుకున్నా. "కింద పెట్టు బాబాయ్!" అని అరిచావు. పెట్టేశా. నువ్వు గెలిచావు. ఇంట్లో అందరూ ఆ కథ ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటా. కానీ రేపు నీ శిష్యుడు స్టూల్ మీద కూలబడి అదే మాట అంటే నీకు ఆ పిల్లాడు కనపడడు, నువ్వే కనపడతావు. "వీడూ లేస్తాడు" అనుకుంటావు.

అందుకే రౌండ్ల మధ్య ఆ ఒక్క నిమిషం బ్రేక్‌లో ముందు వాడి కళ్లలోకి చూడు. ఇది ఎన్నో రౌండని అడుగు. జవాబు తడబడితే, లేచేటప్పుడు మోకాళ్లు వణికితే, పాయింట్లలో ముందున్నా సరే ఆపెయ్. వాడు నిన్ను తిడతాడు, వాళ్ల నాన్న తిడతాడు, పడు. అంతా బాగుంటేనే ఆట గురించి ఒక్క మాట చెప్పు. మూడు చెబితే ఒక్కటీ ఎక్కదు.

నీ ఎడమ చేతి హుక్, ఆ మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ, అందరికీ నేర్పాలని తహతహలాడకు. పొడుగు చేతులున్న పిల్ల దొరికితే జాబ్ మీదే, అంటే ముందు చెయ్యి చాచి సూటిగా కొట్టే దెబ్బ మీదే, నెలలు గడుపు. విసుగొస్తుంది, నాకు తెలుసు. నీతో నాకూ వచ్చేది, అయినా నిన్ను వదిలానా?

ఎవరికైనా మొదటి పోటీ ఒప్పుకునే ముందు ఎదుటివాడి వీడియోలు నాకు పంపు. నేను వద్దంటా, నువ్వు ఆడిద్దామంటావు, రెండు రోజులు పోట్లాడుకుందాం. వేళకి తిను, పిల్లల వెంట పడి నీ ఒంటిని నిర్లక్ష్యం చెయ్యకు.

ఆశీస్సులతో,
మీ బాబాయ్