నాసిక్ ద్రాక్షతోటలకు వెళ్లే తమ్ముడికి

తమ్ముడూ,

పుణె నుంచి కారేసుకుని నాసిక్ వెళ్తాను, రెండు రోజుల్లో ఎనిమిది వైనరీలు, అదే ద్రాక్షతో వైన్ తయారుచేసే చోట్లు, చూసి యాత్రావ్యాసం రాస్తాను అన్నావు. నీ ఉత్సాహం చూస్తే సంతోషంగా ఉంది. కానీ ఆ ఎనిమిదిలో ఐదు కొట్టెయ్. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్కరోజులో ఐదు తిరిగాను. మూడోచోటికే నాలుక మొద్దుబారింది. ఇంటికొచ్చి నోట్‌బుక్ తెరిస్తే పేజీపేజీకీ 'బాగుంది', 'ఘాటుగా ఉంది' తప్ప ఇంకో మాట లేదు. ఆ వ్యాసం రాయలేకపోయాను. ఇప్పటికీ బాధే.

వానాకాలం వద్దు. కొండలు పచ్చగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి, తీగ మీద మాత్రం పండు ఉండదు. అక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక ఇంకోసారి. అందుకే కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. ఫిబ్రవరిలో వెళ్లు, శని ఆదివారాలు కాకుండా సెలవు పెట్టుకుని వెళ్లు. ముందే ఫోన్ చేసి, ఆ రోజు కోత గానీ క్రషింగ్ (పళ్లు నలగ్గొట్టి రసం తీయడం) గానీ ఉందా అని అడుగు.

సంగమ్‌నేర్, సిన్నర్ మీదుగా సుమారు 210 కిలోమీటర్లు. ఐదు గంటలు పడుతుందనుకో. మొదటి రోజు గంగాపూర్ డ్యామ్ వైపు సులా వైనరీ, దాని దగ్గర్లోనే యార్క్ వైనరీ. రెండో రోజు ఇగత్‌పురి వైపు ఒక్కటి, అంతే. రుచి చూసే రోజు స్టీరింగ్ నువ్వు పట్టకు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. 'రెండు గుక్కలేగా' అని మనసు సర్దిచెబుతుంది, దాని మాట వినకు. తాగని స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లు, లేదంటే కారు హోటల్లో పెట్టి క్యాబ్ మాట్లాడుకో. నోట్లో తిప్పి ఉమ్మేసినా ఎవరూ తప్పుపట్టరు. టేస్టింగ్‌లో అదీ ఒక పద్ధతే.

ఇక అసలు సంగతి. టేస్టింగ్ రూమ్‌లో వాళ్లు చెప్పే మాటలు రాసుకుని వచ్చేస్తే అది నీ వ్యాసం కాదు. 'టానిన్' అంటారు. మనకు వగరు అనే మాట ఉందిగా! పచ్చి అరటికాయ కొరికినప్పుడు, నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుందే, అదే. సోవిన్యో బ్లాంక్ అనే వైట్ వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే దోర జామకాయ వాసన తగలొచ్చు. షిరాజ్ అనే నల్లద్రాక్షతో చేసే రెడ్ వైన్‌లో మిరియాలు తెలుస్తాయి. తెలిస్తేనే రాయి, తెలియకపోతే రాయకు. ఎవరో చెప్పారని చెర్రీ, బ్లాక్‌కరెంట్ అని రాయకు. నీ నాలుకకు ఏవి తెలుసో వాటితోనే పోల్చు.

తోటలో, అడిగి, ఒక షిరాజ్ పండు కోసుకో. మనం తినే ద్రాక్షలో సగం కూడా ఉండదు. గింజ ఉంటుంది, తొక్క మందం. వేళ్ల మధ్య నొక్కి చూడు. పండు నల్లగా ఉన్నా రసం దాదాపు రంగు లేకుండా కారుతుంది. రంగు తొక్కలోదే, వగరు తొక్కలోనూ గింజలోనూ ఉంటుంది. అందుకే రెడ్ వైన్‌కు రసాన్ని తొక్కతో కలిపే పులియబెడతారు. ఆ జిగురు వేళ్లతోనే రెండు వాక్యాలు రాసుకో, చేతులు తర్వాత కడుక్కోవచ్చు.

కోతకు వచ్చినవాళ్లతో మాట్లాడు. ఏ ఊరి నుంచి వచ్చారో, ఎన్నింటికి లేచారో అడుగు. మరాఠీ రాకపోతే హిందీ చాలు. గైడ్ మాటలకు ఒక పేరా ఇస్తే, వీళ్లకు మూడు ఇవ్వు.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక గంట గంగాపూర్ డ్యామ్ దగ్గర కూర్చో. ఆ నీళ్లు గోదావరివి. త్ర్యంబకంలో పుట్టి ఎంతో దూరం రాకముందే అక్కడ ఆగుతుంది. మన బాసరకూ రాజమండ్రికీ వచ్చేది ఆ నదే. మీ ఊరి రేవులో చూసిన గోదావరికీ దీనికీ తేడా ఏమిటో అక్కడే రాసుకో. ఆ పేజీ ముందు నాకు పంపు.

మీ అన్నయ్య